మనసు సంగతి తర్వాత, ముందు మంచినీళ్ల సంగతి చెప్పండి

"మీ ఊళ్లో కుల వివక్ష ఉందా?" అని అడిగి చూడండి. ఏ ఊరైనా ఒకటే మాట. "అబ్బే, అదంతా మా తాతల కాలంలో మేడం. ఇప్పుడు అందరం కలిసే ఉంటున్నాం." సర్పంచ్ ఇదే అంటాడు, పంతులు ఇదే అంటాడు, మహిళా సంఘం లీడర్ ఇదే అంటుంది. వాళ్లు అబద్ధం చెప్తున్నారని నేను అనుకోను. మనసులోకి చూసుకుంటే వాళ్లకు నిజంగానే ఏ ద్వేషమూ కనపడదు. ఎవర్నీ తిట్టింది లేదు, కొట్టింది లేదు, ఇక వివక్ష ఎక్కడిది అనుకుంటారు. వెనక వరసలో కూర్చున్న ఎస్సీ కాలనీవాళ్లు మాత్రం అవుననీ అనరు, కాదనీ అనరు.

అందుకే నేను మనసు గురించి అడగను. "బడిలో మంచినీళ్లు ఎక్కడ పెడతారు? గ్లాసు ముంచి ఇచ్చేది ఎవరు?" అని మొదలుపెడతాను.

నా పని శిక్షణ ఇవ్వడం. అంగన్‌వాడీ టీచర్లు, బడి హెడ్మాస్టర్లు, మధ్యాహ్న భోజనం వండేవాళ్లు, మహిళా సంఘాలవాళ్లు, పంచాయతీ కార్యదర్శులు, అప్పుడప్పుడు కానిస్టేబుళ్లు. కులం, మతం, వైకల్యం, ట్రాన్స్‌జెండర్లు, ఇలా మనుషుల్ని పక్కన పెట్టే పద్ధతుల మీద పల్లెల్లో, మండల కేంద్రాల్లో క్లాసులు చెప్తాను. ఎక్కువ భాగం కులం మీదే. మాది పాలమూరు వైపు. మాదిగ ఇంట్లో పుట్టాను. ఈ చివరి మాట శిక్షణలో నా అంతట నేను చెప్పను. ఎందుకో కింద రాస్తాను, ఈ పోస్టు రాయడానికి అసలు కారణం అదే.

ముందు ప్రశ్నల సంగతి. ఇంటికి కూలికి వచ్చే మనిషికి టీ దేంట్లో పోస్తారు? ఆ గ్లాసు రోజూ ఎక్కడ ఉంటుంది, తాగాక ఎవరు కడుగుతారు? పెళ్లిలో డప్పు కొట్టినవాళ్లు ఎప్పుడు తింటారు, ఎక్కడ కూర్చుని తింటారు? సద్దుల బతుకమ్మ నాడు కాలనీ ఆడపిల్లల బతుకమ్మలు ఎక్కడ పెడతారు? కాలనీలో డెబ్బయ్యేళ్ల పెద్దమనిషిని మీ ఇంట్లో పదేళ్ల పిల్లాడు ఏమని పిలుస్తాడు? ఊళ్లో కటింగ్ షాపు ఉంటే అందరికీ అక్కడే చేస్తారా, కొందరు మండలానికి పోవాల్సిందేనా?

ఈ ప్రశ్నలకు "మా తాతల కాలంలో" అనే జవాబు పనికిరాదు. గ్లాసు ఈ పొద్దున కూడా ఎక్కడో ఒకచోట ఉంది కదా. జవాబు చెప్పేవాళ్ల గొంతు మారడం నాకు తెలుస్తుంది. మొదట నవ్వుతారు. తర్వాత పక్కవాళ్ల వంక చూస్తారు. ఎవరో ఒకరు, ఎక్కువసార్లు ఆడమనిషే, "నిజమే, మా అత్త ఒక స్టీలు గ్లాసు వేరే పెట్టింది, కిటికీ మీద ఉంటది" అంటుంది. అక్కడి నుంచి ఒకరి తర్వాత ఒకరు. టీ కొట్టు అతను ఒకసారి చాలా మామూలుగా చెప్పాడు, "ఇప్పుడు ఆ గొడవ లేదు మేడం, పేపర్ గ్లాసులు వచ్చినయ్ గదా" అని. అంటే ఎవరికి పేపర్ గ్లాసు, ఎవరికి గాజు గ్లాసు అని అడిగాను. అతను చెప్పలేదు, పక్కనున్నవాళ్లు చెప్పారు.

నీళ్ల ప్రశ్నతోనే ఎందుకు మొదలుపెడతావని ఒక అధికారి అడిగారు. మనవాళ్ల చరిత్ర తిరగేస్తే పెద్ద ఘోరాలన్నీ ఇలాంటి మామూలు చోట్లలోనే మొదలయ్యాయి. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగపల్లె మీద దాడి జరిగింది, ఆరుగురిని చంపారు. గొడవ మొదలైంది ముందురోజు మంచినీళ్ల చెరువు దగ్గర, తాగే నీళ్లు మురికి చేయొద్దన్న మాటతో. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. అక్కడ నిప్పు రాజుకున్నది సినిమా హాల్లో, కాలు తగిలిందన్న దగ్గర. ఆ కేసు విచారణకు ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది, 2014లో హైకోర్టు నిందితుల్ని విడిచిపెట్టింది. ఇంకా వెనక్కి పోతే 1927లో అంబేద్కర్ మహారాష్ట్రలోని మహద్‌లో చేయించిన పనీ అదే, ఊరి చెరువులో నీళ్లు దోసిట్లో పట్టి తాగడం. నీళ్లు, కుర్చీ, కాలు తగలడం. ఇంత చిన్న వాటిలోనే కులం బతుకుతోంది కాబట్టి ప్రశ్నలూ అంత చిన్నగానే ఉండాలి.

ఇక ముగ్గు పటం. నా క్లాసుల్లో నాకు బాగా నచ్చే భాగం ఇది. రైతు వేదిక ముందో, పంచాయతీ ఆఫీసు ముందో గచ్చు మీద ముగ్గుపిండితో ఊరి పటం గీయమంటాను. చార్టు, స్కెచ్‌పెన్ను ఇస్తే పని మొత్తం చదువుకున్న ఒక్కరి చేతిలోకి పోతుంది. ముగ్గయితే ఆడవాళ్లందరి చేతులూ ఆడతాయి. ఇళ్లకు ఇటుక ముక్కలు, చెట్లకు వేపరెమ్మలు, బోర్లకు సీసా మూతలు.

నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక ఊళ్లో జరిగింది చెప్తాను. ముందు గుడి గీశారు. తర్వాత మెయిన్ రోడ్డు, పంచాయతీ, బడి, కిరాణా దుకాణాలు, మేడలు, చెరువు. ఎవరి ఇల్లు వాళ్లు వెతికి ఇటుక ముక్క పెట్టుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు. "అయిపోయింది మేడం" అన్నారు. అయిపోయిందా, అందరి ఇళ్లూ వచ్చాయా అని అడిగాను. కాలనీ నుంచి వచ్చిన ఒక నడివయసామె లేచి పిండి గిన్నె అందుకుంది. తన ఇల్లు పెట్టడానికి చోటు చూసింది. గచ్చు నిండిపోయింది. మెట్టు దిగి, కింద మట్టిలో వంగి, ఒక్కో ఇల్లూ గీయడం మొదలుపెట్టింది. మట్టి మీద పిండి సరిగా పడక వేలితో గట్టిగా రుద్దుతూ గీసింది. అది చూసి ఇంకో ఇద్దరు దిగారు.

నేను ఏమీ వ్యాఖ్యానించలేదు. "ఇప్పుడు ట్యాంకు నుంచి నల్లా లైను గీయండి" అన్నాను. ట్యాంకు గుడి వెనకాల. లైను మెయిన్ రోడ్డు పొడుగునా వచ్చి, రెండు గల్లీలు తిరిగి, అన్నిటికంటే చివర మెట్టు దిగి కాలనీకి చేరింది. లైను చివర నీళ్లు ఎలా వస్తాయో అక్కడున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. సన్నగా, బిందె నిండేలోపు ఆగిపోతూ. "పొద్దున ఎన్నింటికి వస్తాయి మీకు?" అని పై ఇళ్లావిడ కాలనీ ఆవిడను అడిగింది. ఒకే ఊళ్లో పుట్టి పెరిగిన ఆ ఇద్దరూ ఆ మాట మాట్లాడుకోవడం అదే మొదటిసారట. పంచాయతీ కార్యదర్శి, నీళ్లు వదిలే అతను అక్కడే ఉన్నారు కాబట్టి సంగతి అక్కడే తేలింది. వాల్వు తిప్పే వరస మార్చారు, మొదటి గంట కాలనీ వైపు. డబ్బు ఖర్చు లేదు, తీర్మానం అక్కర్లేదు. మళ్లీ వెళ్లినప్పుడు అడిగాను, అదే వరస నడుస్తోంది.

"కులం వద్దు, మనమంతా ఒక్కటే" అని నేను రెండు గంటలు మాట్లాడి ఉంటే ఆ వాల్వు తిరిగేది కాదు. దీని మీద నాకు అనుమానం లేదు.

ప్రభుత్వం తరఫున కూడా ఒక కార్యక్రమం ఉంది, నెలాఖరున ఊళ్లలో జరిపే పౌర హక్కుల దినం. ఆలోచన మంచిది. తహసీల్దారు, ఎస్సై ఊళ్లోకి వచ్చి, అంటరానితనం నేరమని అందరి ముందూ చెప్పడం చిన్న విషయం కాదు. రాజ్యాంగంలో అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణం, 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం, 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం, వీటి పేర్లు ఊరివాళ్ల చెవిన పడాలి. ముఖ్యంగా ఈ అత్యాచార నిరోధక చట్టానికి 2016 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన సవరణ చాలామందికి తెలియదు. సాంఘికంగా, ఆర్థికంగా వెలివేసినా, వేస్తామని బెదిరించినా నేరమే. కూలికి పిలవొద్దు, సామాను అమ్మొద్దు అని ఊళ్లో కట్టుబాటు పెట్టినవాళ్లకు ఈ సంగతి తెలియాలి.

కానీ నేను చూసినవి చాలావరకు ఎలా జరుగుతాయంటే, పదకొండింటికి అన్నది ఒంటిగంటకు మొదలవుతుంది. అంబేద్కర్ ఫొటోకు దండ, సెక్షన్ల నంబర్లు గబగబా చదవడం, ఆ తర్వాత సహపంక్తి భోజనం, ఫొటో. ఆ భోజనం దగ్గర నేను ఒక్కటే చూస్తాను, వంట ఎవరిదని. మండల కేంద్రం నుంచి క్యాటరింగ్ వాళ్లు డబ్బాల్లో తెచ్చినదైతే పక్కపక్కన కూర్చుని తినడానికి ఎవరికీ ఇబ్బంది ఉండదు. కాలనీలో కాలనీ ఆడవాళ్లు వండితే ఎంతమంది విస్తరి ముందు కూర్చుంటారు, ఎంతమందికి ఆ రోజే ఉపవాసం వస్తుంది, అక్కడ తెలుస్తుంది ఊరి సంగతి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

శిక్షణలు ఏర్పాటు చేసేవాళ్లకు ఒక అలవాటు ఉంది. "మీలో ఎవరికైనా అవమానం జరిగి ఉంటే లేచి చెప్పండి" అంటారు. మనసులు కరగాలంటే కన్నీళ్లు కావాలని వాళ్ల నమ్మకం. నన్ను పిలిచేవాళ్లు కూడా ఫోన్లోనే అడుగుతారు, "మేడం, మీ సొంత అనుభవం ఒకటి చెప్తే చాలా కదిలిస్తుంది" అని. నేను చెప్పను. నా బాల్యం వేరేవాళ్లకు పాఠ్యపుస్తకం కాదు. నా కథ విని ఎవరైనా ఏడిస్తే ఆ ఏడుపుతో వాళ్ల బరువు దిగిపోతుంది, మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి "ఎంత మంచి క్లాసు" అనుకుంటారు. వాళ్ల ఇంట్లో కిటికీ మీది గ్లాసు కిటికీ మీదే ఉంటుంది.

నా సంగతి పక్కన పెట్టండి. నేను సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోతాను. లేచి మాట్లాడిన ఊరి మనిషి ఎక్కడికి పోవాలి? నేను ఈ పనిలోకి కొత్తగా వచ్చిన రోజుల్లో, వేరే సంస్థవాళ్లు పెట్టిన ఒక సదస్సులో వెనక కూర్చుని ఉన్నాను. నడిపిస్తున్నాయన చాలా ప్రేమగా, "అమ్మా, భయపడకు, చెప్పు" అన్నాడు. ఒక పిల్ల, పెళ్లయి ఆ ఊరికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు, లేచి ఫలానావాళ్ల చేలో నీళ్లు అడిగితే దోసిట్లో ఎత్తిపోశారని చెప్పింది. చప్పట్లు కొట్టారు. ఆ చేను గలవాళ్లూ ఆ హాల్లోనే ఉన్నారు. ఆ పత్తి సీజనంతా ఆ పిల్లను, వాళ్లత్తను కూలికి పిలవలేదు. ఎవరూ తిట్టలేదు, బెదిరించలేదు, పిలవలేదంతే. కేసు పెట్టడానికి అందులో ఏముంది? నిర్వాహకులకు ఆ సంగతి చేరను కూడా లేదు, వాళ్ల రిపోర్టులో ఆ పిల్ల మాటలు ఒక పెట్టెలో వేశారు, ఫొటోతో సహా.

అవమానం పడ్డవాళ్లు సాక్ష్యం చెప్పి, అవమానం చేసినవాళ్లు విని నేర్చుకునే పద్ధతి న్యాయం కాదు. ఖర్చు ఒకరిది, చదువు ఇంకొకరిది. చెప్పాల్సినవాళ్లు ఆచరించేవాళ్లు. మా ఇంట్లో ఇలా చేస్తాం, మా అమ్మ ఇలా నేర్పింది, మా నాన్న ఇలా పిలుస్తాడు అని వాళ్లు చెప్పాలి. నా ప్రశ్నలన్నీ అందుకే వాళ్ల వైపు తిరిగి ఉంటాయి. గ్లాసు ఎక్కడ పెడతారన్నది పెట్టినవాళ్లే చెప్పగలరు. కాలనీవాళ్లకు నేను ముందురోజే ఇంటికి పోయి చెప్తాను, రేపు మీరు ఏమీ మాట్లాడక్కర్లేదు, వచ్చి కూర్చోండి, వినండి, ఇష్టమైతేనే నోరు తెరవండి అని. కొందరు పెద్దవాళ్లు ఆ మాటకు ఊపిరి పీల్చుకుంటారు. కుర్రవాళ్లు కొందరు ఒప్పుకోరు, "మేం చెప్తాం, ఎందుకు భయపడాలి" అంటారు. వాళ్ల ఇష్టం వాళ్లది. అడ్డుపడటం నా పని కాదు, కాకపోతే కలిసి లేవండి, ఒక్కరే లేవొద్దు అని చెప్తాను.

నాతోపాటు క్లాసు చెప్పే సారు భూములున్న కుటుంబం నుంచి వచ్చాడు. సొంత కథ చెప్పేది ఆయన. చిన్నప్పుడు వాళ్లింట్లో జీతగాడికి అన్నం పైనుంచి వేసేవాళ్లమని, ఆయన పేరు తనకు చాలా కాలం తెలియనే తెలియదని, చదువుకునే రోజుల్లో కూడా అది తప్పని తోచలేదని చెప్తాడు. ఆయన చెప్తుంటే ముందు వరసవాళ్ల ముఖాలు చూడాలి. నన్నయితే "ఆమె వాళ్ల మనిషి, అట్లనే మాట్లాడుతది" అని పక్కన పెట్టొచ్చు. తమ మనిషిని పక్కన పెట్టలేరు. ఈ పనిలోకి రావాలనుకునే ఊరివైపు కులాల పిల్లలు నాకు ఫోన్ చేసి "మేం ఏం చేయగలం అక్కా" అంటారు. మీ ఇంటి సంగతి మీ వాళ్ల ముందు చెప్పండి. దళితవాడకు పోయి ఫొటోలు దిగడం కంటే అది చాలా కష్టం, చాలా అవసరం.

ఈ దారి కొత్తది కాదు. హైదరాబాద్‌లో దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్ మిత్ర మండలి అనే సంఘం పెట్టి, హరికథలు చెప్పిస్తూ వాడవాడలా తిరిగాడు. పిల్లలకు బడులు పెట్టాడు. ఆయన మాట ముందు తన జనంతోనే, తలెత్తుకోమని. నాస్తికవాది గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన మనిషి. కులం వద్దని చెప్పడంతో ఆగలేదు, 1948లో గాంధీ ఆశ్రమం సేవాగ్రామ్‌లో కూతురు మనోరమకు దళిత యువకుడితో పెళ్లి చేశాడు. ఈ ఇద్దరినీ నేను క్లాసులో పక్కపక్కన పెట్టి చెప్తాను. ఒకరు పడ్డవైపు నుంచి, ఒకరు పడేసినవైపు నుంచి, ఇద్దరూ ఎవరి ఇంట్లో పని వాళ్లు చేశారు.

అసలు ఈ శిక్షణల వల్ల మనుషులు మారతారా అని నన్ను అడుగుతుంటారు. ఒక్కరోజు క్లాసుతో మారరు. అమెరికాలో ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కలేవ్ అనే సామాజిక శాస్త్రవేత్తలు కొన్ని వందల కంపెనీల లెక్కలు ఏళ్ల తరబడి చూసి చెప్పిందీ దాదాపు ఇదే. అందరూ హాజరు కావాల్సిందే అని పెట్టే డైవర్సిటీ క్లాసులతో పై పదవుల్లో ఎవరున్నారన్నది పెద్దగా మారదు, ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. బాధ్యత అప్పగిస్తే మారుతుంది, ఒక మనిషిని చేయి పట్టి పైకి తేవడం, ఫలితానికి జవాబు చెప్పడం లాంటివి. గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే ఇంకో మాట చెప్పాడు. రెండు గుంపులు ఊరికే కలిస్తే చాలదు. సమానంగా కలవాలి, ఒకే పని కోసం కలవాలి, పోటీ పడకుండా కలిసి చేయాలి, పైనున్న పెద్దలు దానికి అండగా నిలవాలి.

మన దేశంలో దీన్ని పరీక్షించి చూశారు కూడా. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో మ్యాట్ లో అనే ఆర్థికవేత్త క్రికెట్ లీగులు పెట్టించాడు. ఒకే టీములో ఆడిన వేర్వేరు కులాల కుర్రాళ్ల మధ్య స్నేహాలు పెరిగాయి. ఎదురు టీములుగా ఆడినవాళ్ల మధ్య అలా జరగలేదు, దూరం పెరిగింది. ఇది చదివిన దగ్గర్నుంచి నేను యువజన సంఘాలవాళ్లకు చెప్తున్నాను, సంక్రాంతికి కబడ్డీ పోటీలు పెడితే వాడకో టీము కట్టకండి అని. మన ఊళ్లలో వాడ అంటే కులమే. వాడకో టీము కడితే కులానికో టీము కట్టినట్టే, ఆట అయ్యాక మిగిలేది పగ. చీటీలు వేసి టీములు కలపండి. ఢిల్లీలోనూ ఇలాంటిదే గౌతమ్ రావు అనే ఆయన చూశాడు. ప్రైవేటు బడుల్లో పేదపిల్లల్ని చేర్చుకోవాల్సి వచ్చినప్పుడు, వాళ్లతో కలిసి చదివిన కలిగినవాళ్ల పిల్లల్లో వివక్ష తగ్గింది, ఉదారత పెరిగింది.

నాకు కళ్లారా తెలిసిన ఉదాహరణ ఒక ప్రాథమిక పాఠశాల. మధ్యాహ్న భోజనం వండే సంఘంవాళ్లు బిల్లులు రావట్లేదని మానుకుంటే కాలనీ నుంచి ఇద్దరు ఆడవాళ్లు ముందుకొచ్చారు. సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది, వంటవాళ్ల నియామకంలో దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని. వారం తిరక్కముందే ఊరి పిల్లలు కొందరు ఇంటి నుంచి బాక్సులు తేవడం మొదలుపెట్టారు. అడిగితే కడుపునొప్పి అన్నారు. ఆ హెడ్మాస్టరు సారు పిల్లలకు ఒక్క నీతి మాట కూడా చెప్పలేదు. రోజూ పిల్లల వరసలో కింద కూర్చుని, మొదటి వడ్డన తనకే చేయించుకుని, సాంబారు బాగుంటే బాగుందని, ఉప్పు తక్కువైతే తక్కువని చెప్పి తిన్నాడు. మిగతా టీచర్లనూ కూర్చోబెట్టాడు. వంటవాళ్లను అందరూ అత్తమ్మ అని పిలవాలన్నాడు, ముందు తాను "అమ్మా" అని పిలిచాడు. తల్లుల్ని పిలిచి వారానికోసారి వంటగదిలో బియ్యం, పప్పు చూసుకోమన్నాడు. అలా ఊరి ఆడవాళ్లూ ఆ ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర నిలబడాల్సి వచ్చింది.

ఒక తండ్రి గొడవకు వచ్చాడు. సారు కాగితం, పెన్ను ఇచ్చి, "మీ అబ్బాయి ఎందుకు తినడో మీరే రాసి సంతకం పెట్టండి, పైకి పంపిస్తాను" అన్నాడు. నోటితో ఎంతైనా అన్నాడు గానీ రాయలేకపోయాడు. కాగితం మీద ఆ కారణం రాస్తే అది నేరమని ఆయనకూ తెలుసు. ఆ కుటుంబం పిల్లాడిని తీసుకెళ్లి ప్రైవేటు బడిలో వేసింది. మిగతా బాక్సులు ఒక్కొక్కటే తగ్గాయి, గుడ్డు పెట్టే రోజుల్లో ముందు తగ్గాయి. ఆల్‌పోర్ట్ పేరు ఆ సారుకు తెలుసో లేదో నేను అడగలేదు. చేసిందంతా ఆ నాలుగు మాటలే.

పల్లెల గురించే రాస్తే పట్నంవాళ్లకు ఇది తమ సంగతి కాదనిపిస్తుంది. మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీలు కూడా నన్ను అప్పుడప్పుడు పిలుస్తాయి. అక్కడ డైవర్సిటీ అంటే ఆడవాళ్లు, వికలాంగులు, ఎల్జీబీటీ ఉద్యోగులు. అవన్నీ కావాల్సినవే, నేను మనస్ఫూర్తిగా చెప్తాను. కులం అనేసరికి హెచ్‌ఆర్ మేడం గొంతు తగ్గించి, "అది సెన్సిటివ్ కదా, స్కిప్ చేద్దామా" అంటుంది. అదే ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లను మొదటి వారంలోనే "మీ ఇంటి పేరేంటి, మీరేమిట్లు" అని అడుగుతారు. ఆ పిల్ల అద్దె ఇంటికి పోతే గేటు మీద "వెజిటేరియన్స్ ఓన్లీ" బోర్డు ఉంటుంది. సముద్రం దాటినా ఇది వదల్లేదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది, అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అది. అదే ఏడాది కాలిఫోర్నియాలో చట్టసభ ఆమోదించిన ఇలాంటి బిల్లును గవర్నర్ వెనక్కి పంపాడు. ఆ రెండు చోట్లా మన తెలుగువాళ్లు వేల సంఖ్యలో ఉన్నారు, బిల్లు కావాలన్నవాళ్లలోనూ, వద్దన్నవాళ్లలోనూ.

కాబట్టి ఇప్పుడు నన్ను ఎవరు పిలిచినా ముందే కొన్ని మాటలు అనుకుంటాం. ఒక్కరోజుకైతే రాను, కనీసం మళ్లీ ఒకసారి వచ్చి ఏం మారిందో చూసే వీలుండాలి. నిర్ణయం తీసుకునే మనిషి, అంటే సర్పంచో, హెడ్మాస్టరో, మేనేజరో, దీపం వెలిగించి వెళ్లిపోకుండా సాయంత్రం దాకా కూర్చోవాలి, ఎందుకంటే వాల్వు తిప్పించేది వాళ్లే. మధ్యాహ్నం భోజనం బయట నుంచి రాకూడదు. ఊళ్లోనే, అన్ని వాడల ఆడవాళ్లూ కలిసి వండాలి, వాళ్లకు కూలి కట్టివ్వాలి. ఫొటోల్లో కాలనీవాళ్ల ముఖాలు వాళ్లను అడగకుండా వాడకూడదు. ఎవరినీ లేపి అవమానం గురించి చెప్పమనకూడదు, నన్ను కూడా.

ఈ షరతులు విని కొందరు మళ్లీ ఫోన్ చేయరు. చేసినవాళ్లతో పని బాగా సాగుతోంది. జూన్‌లో బడులు తెరుస్తారు కాబట్టి అంతకుముందే మా వైపు హెడ్మాస్టర్లతో కూర్చోవాలని చూస్తున్నాను. మీలో ఎవరైనా ఈ పని చేస్తుంటే, మీ క్లాసుల్లో అడిగే ప్రశ్నలు నాకు పంపండి. బతుకమ్మ గురించి, గ్లాసు గురించి నా దగ్గర ఉన్నాయి. శ్మశానం దారి గురించి, ఊరుమ్మడి పెళ్లి సామాను అద్దెకిచ్చే పద్ధతి గురించి సరైన ప్రశ్నలు ఇంకా కుదరలేదు.